తల్లి చదువు – మాతృ ఆరోగ్య సేవలు

తల్లి చదువు పెరిగేకొద్దీ తొలి మూడు నెలల్లోనే గర్భం నమోదు, కనీసం నాలుగు వైద్య పరీక్షలు, ఆస్పత్రి ప్రసవాలు పెరుగుతాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) చెబుతున్నాయి.

కారణాలు: ప్రమాద సంకేతాలపై అవగాహన, ఇంట్లో మాట చెల్లుబాటు, ఆలస్య వివాహం, మెరుగైన ఆదాయం.

గుర్తుంచుకోండి
• ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019-21): ఆస్పత్రి ప్రసవాలు దేశంలో 88.6%, తెలంగాణలో 97%, ఆంధ్రప్రదేశ్‌లో 96.5%. కనీసం నాలుగు పరీక్షలు చేయించుకున్నవారు దేశంలో 58.1%.
• జననీ సురక్ష యోజన: 2005. జననీ శిశు సురక్ష కార్యక్రమం: 2011.
• ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్: 2016, ప్రతి నెలా 9న ఉచిత పరీక్షలు.
• మాతృ మరణాల నిష్పత్తి (2018-20, లక్ష సజీవ జననాలకు): భారత్ 97, కేరళ 19.
• సుస్థిరాభివృద్ధి లక్ష్యం 3.1: 2030 నాటికి ఈ నిష్పత్తి ప్రపంచ సగటు 70 లోపు.

ఆడపిల్లల చదువు ఆగకుండా చూడటం మాతృ మరణాల నివారణలో కీలకం.