చికున్‌గున్యా: మెట్ట ఊళ్లకు చేరిన ఆఫ్రికా మాట

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో ‘చికున్‌గున్యా’ పేరు విననివారు అరుదు. 2006లో ఈ జ్వరం రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు కోడికూర తింటే వస్తుందని చాలామంది భయపడ్డారు. కోడికీ దీనికీ సంబంధమే లేదు. ఈ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాష మాట. ‘వంగిపోయేలా చేసేది’ అని అర్థం. కీళ్లనొప్పులతో నడుం ఎత్తలేక, గోడ పట్టుకుని అడుగులేసే రోగిని చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

వ్యాధిని తొలిసారి గుర్తించింది 1952లో, నేటి టాంజానియాలో. మన దేశంలో తొలి విజృంభణ 1963లో, కలకత్తాలో. కారకం ఆల్ఫా వైరస్. డెంగీది ఫ్లేవీ వైరస్. రెంటికీ వాహకం ఈడిస్ దోమే. ఇది పగలు కుడుతుంది, మూతలేని తొట్లలో మంచినీళ్ల అంచున గుడ్లు పెడుతుంది. ఎద్దడికి నీళ్లు పట్టి దాచుకునే మెట్ట ఇళ్లకు ఈ సంగతి చాలా ముఖ్యం.

ఆఫ్రికా నుంచి మన చెవిన పడిన మాటలు ఇంకా ఉన్నాయి. ‘సఫారీ’ అంటే స్వాహిలీలో ప్రయాణం, మూలం అరబ్బీ. ‘హకునా మటాటా’ కూడా స్వాహిలీయే: ఇబ్బందేమీ లేదని. ‘ఉబుంటు’ జులూ, షోసా భాషలది. తోటివారి వల్లే మనిషి మనిషవుతాడన్న భావన. 2004లో వచ్చిన ఒక కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ పేరే పెట్టారు.