వానల్లో వారాంతం: ప్లాన్ మారితే ఎటు?

ప్రశ్న: విశాఖ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో స్నేహితుడు వస్తున్నాడు. జులై వానలకు పూటకో ప్లాన్ మారుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, తార్‌బహార్, బిలాస్‌పుర్

జవాబు: ముందుగా అచానక్‌మార్ సఫారీని పక్కన పెట్టేయాలి. వానాకాలంలో ఆ పులుల అడవిలోకి సందర్శకులను రానివ్వరు. ఎండ కాసినా లాభం లేదు. చాలామంది ఇది తెలియక ఆఖరి నిమిషంలో ఉసూరుమంటారు.

మిగతావి ఏ పూటకా పూట తేల్చుకోవడమే మేలు. ఉరుముల వానలు తరచూ మధ్యాహ్నం దాటాకే ముదురుతాయి కాబట్టి తిరుగుడంతా పొద్దున్నే పెట్టుకోవాలి. వాతావరణ శాఖ ‘నౌకాస్ట్’ రాబోయే మూడు గంటల సంగతి చెబుతుంది. బయల్దేరేముందు అది చూస్తే చాలు, ముందురోజు రాత్రంతా ఫోన్‌లో మబ్బులు లెక్కపెట్టనక్కర్లేదు. పిడుగుల కోసం పుణె ఐఐటీఎం వారి ‘దామిని’ యాప్ ఉంది.

వాన కాస్త తెరిపిస్తే తాలా వెళ్లొచ్చు. మనియారి నది ఒడ్డున, సుమారు 30 కిలోమీటర్ల దూరం. అక్కడి రుద్రశివుడి విగ్రహం ముందు ఇద్దరు మిత్రులకు గంట ఇట్టే గడిచిపోతుంది: చెవులు నెమళ్లు, మీసాలు చేపలు, గడ్డం ఎండ్రకాయ! ఏ అవయవం ఏ జంతువో పందెం వేసుకోవచ్చు.

ముసురు పట్టిందా, రతన్‌పుర్ మహామాయ గుడి చాలు. దగ్గర్లోని ఖూటాఘాట్ జలాశయం పొంగుతుంటే అలుగు దరికి పోకూడదు, సెల్ఫీకైనా సరే. కానన్ పెండారీ జూకు సోమవారం సెలవు. చూడాలనుకుంటే ఆదివారం లోపే.