శిక్ష పడింది – ఇప్పుడేం చేయాలి?

బేతంచెర్ల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక తల్లి. భర్త చనిపోయాడు. ఒక్కడే కొడుకు. నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతని కూలితోనే ఇల్లు గడవాలి. పనికి పోయి రావడానికి అప్పు చేసి బైకు కొన్నాడు.

ఒక రాత్రి అతను స్నేహితులతో కలిసి తాగాడు. ఆ మత్తులోనే బైకు ఎక్కాడు. దారిలో పోలీసులు ఆపారు. గొట్టంలో ఊదించారు. తాగినట్టు మిషను చూపింది. పోలీసులు కేసు రాశారు.

వాయిదా నాడు అతను ఒక్కడే కోర్టుకు పోయాడు. అక్కడ ఎవరో అన్నారు: "తప్పు ఒప్పుకో అబ్బీ. ఫైను కట్టి ఇంటికి పోవచ్చు."

అతను ఒప్పుకున్నాడు. కానీ ఫైనుతో పోలేదు. మేజిస్ట్రేటు నెల రోజుల జైలు, పదివేల రూపాయల జరిమానా వేశారు. ఆ సాయంత్రమే అతన్ని జైలుకు పంపారు.

తల్లి గుండె గుభేలుమంది. నెల రోజులు పనికి పోకుంటే ఫ్యాక్టరీలో వేరే మనిషిని పెట్టుకుంటారు. బైకు కంతు ఎట్ల కట్టేది? ఇల్లు ఎట్ల గడిచేది?

అంతలో ఒక బ్రోకరు వచ్చాడు. "ఇరవై వేలు ఇయ్యి. నీ కొడుకును నేను బయటికి తెస్తా" అన్నాడు. తల్లికి రెండు మేకలున్నాయి. వాటిని అమ్మేదానికి సిద్ధపడింది.

పక్కింటి కోడలు పొదుపు సంఘంలో లెక్కలు రాస్తుంది. ఆమెకు ఈ మాట తెలిసింది.

"తొందరపడొద్దు అత్తా. కోర్టులో ఇచ్చిన తీర్పు కాగితం యాడుంది?" అని అడిగింది.

జైలు శిక్ష పడినవారికి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి. అది చట్టం. కొడుకు ఆ కాగితాన్ని తల్లికి ఇచ్చాడు. తల్లి దాన్ని ట్రంకు పెట్టెలో దాచింది. ఇప్పుడు తీసింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. కానీ తేదీ అంకెల్లో ఉంది. రాత్రి బడిలో అంకెలు నేర్చుకున్న తల్లి ఆ తేదీ చదివింది. గోడ మీది క్యాలెండరులో లెక్క పెట్టింది.

"తీర్పు వచ్చి నాలుగు దినాలయింది పాపా."

"అయితే ఇంకా ఇరవై ఆరు దినాలున్నాయి అత్తా. పై కోర్టుకు పోయేదానికి ముప్పై దినాల గడువు ఉంటుంది. పొద్దున్నే కర్నూలుకు పోదాం పా."

కర్నూలులో, కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, జైలులో ఉన్నవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఈ సంస్థలు లాయరును ఉచితంగా పెడతాయి. దీనికోసం 1987లో చట్టం వచ్చింది. 1995 నుంచి అమలవుతోంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెప్తారు.

ఆ సంస్థ ఒక లాయరమ్మను పెట్టింది. తల్లి ఆమెను అడిగింది:

"వాడు తప్పు ఒప్పుకున్నాడు కదమ్మా! ఇంగ పై కోర్టుకు పోయి ఏం లాభం?"

"ఒప్పుకున్నాడు కాబట్టి, తప్పే చేయలేదని ఇప్పుడు అనలేమమ్మా. కానీ శిక్ష ఎక్కువయిందని అడగవచ్చు. శిక్ష చట్టం ప్రకారం లేకపోతే అదీ అడగవచ్చు. ఆ దారి మూసుకోలేదు."

"చట్టంలో శిక్ష ఎంతుంది?"

"మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 2019లో దాన్ని సవరించి శిక్షలు పెంచారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ మద్యం ఉంటే, బండి నడపడం నేరం. మొదటిసారి అయితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ."

లాయరమ్మ సెషన్స్ కోర్టులో అప్పీలు వేసింది. అప్పీలు తేలేదాకా శిక్షను ఆపమని, బెయిలు ఇవ్వమని కూడా అడిగింది. కోర్టు బెయిలు ఇచ్చింది. అప్పటికి కొడుకు తొమ్మిది రోజులు జైలులో ఉన్నాడు.

తర్వాత అప్పీలు విచారణకు వచ్చింది. ఇది అతని మొదటి తప్పు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇంటికి అతనే ఆధారం. సెషన్స్ కోర్టు ఇవన్నీ చూసింది. జైలులో ఉన్న తొమ్మిది రోజులు చాలునన్నది. జరిమానా మాత్రం తగ్గించలేదు.

తల్లి ఒక మేకను అమ్మింది. చేతిలో ఉన్న డబ్బు కలిపి జరిమానా కట్టింది. బ్రోకరుకు కాదు, కోర్టుకు కట్టింది. రసీదు తీసుకుంది.

పై కోర్టుకు పోతే ప్రతిసారీ శిక్ష తగ్గుతుందా? తగ్గదు. శిక్ష చాలలేదని ప్రభుత్వం కూడా పై కోర్టుకు పోవచ్చు. పంజాబులో ఒకతను కారును అడ్డగోలుగా నడిపాడు. ఇద్దరు చనిపోయారు. కింది కోర్టు ఏడాది జైలు వేసింది. అతను చనిపోయినవారి కుటుంబానికి డబ్బు కట్టాడు. హైకోర్టు ఆ శిక్షను 24 రోజులకు తగ్గించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2015లో సుప్రీంకోర్టు ఆ శిక్షను 6 నెలలకు పెంచింది.

కొడుకు ఇంటికి వచ్చిన రాత్రి తల్లి అన్నం పెట్టింది. "చిన్నటేకూరు గుర్తుందా నాయనా?" అని అడిగింది.

కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున ఘోరం జరిగింది. ఒక బైకు రోడ్డు మీద పడిపోయింది. నడిపిన యువకుడు చనిపోయాడు. అతను తాగి ఉన్నాడని పరీక్షలో తేలింది. వెనక వచ్చిన బస్సు ఆ బైకు మీదికి ఎక్కి ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులోని 19 మంది చనిపోయారు.

"నీ శిక్షను పై కోర్టు తగ్గించింది. అట్లాంటిది జరిగి ఉంటే ఏ కోర్టు తిరిగి తెస్తుంది నాయనా?" అన్నది తల్లి.

కొడుకు తల వంచుకున్నాడు. మరునాడు పనికి బస్సులో పోయాడు. కూలి డబ్బు రాగానే ముందు హెల్మెట్ కొన్నాడు. ఆ తర్వాతే బైకు తీశాడు.

గుర్తుంచుకోండి

1. తప్పు ఒప్పుకునే ముందు లాయరుతో మాట్లాడాలి.
2. తీర్పు కాపీ తీసుకోవాలి. తేదీ చూసుకోవాలి.
3. 30 రోజుల లోపల సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి.
4. బ్రోకర్లకు డబ్బు ఇవ్వరాదు. జరిమానా కడితే రసీదు తీసుకోవాలి.

చర్చించండి

1. తీర్పు కాగితం మీది తేదీని తల్లి చదవలేకపోతే ఏమయ్యేది?
2. సెషన్స్ కోర్టు జైలు శిక్ష ఎందుకు తగ్గించింది? జరిమానా తగ్గించకపోవడం సరైనదేనా?
3. మీ ఊరిలో తాగి బండి నడిపేవారిని ఆపడానికి ఆడవారు ఏం చేయవచ్చు?