ఏజెన్సీ భూమి, తండా చేను: ఎవరి అనుమతి కావాలి?

సందేహం: మిత్రులతో తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేలు, అడవి చూసి రావాలనుకుంటున్నాం. ఏజెన్సీలోకి వెళ్లడానికి పర్మిషన్ కావాలా?
- ఒక పాఠకుడు, పాలకుర్తి

సమాధానం: నాగాలాండ్, మిజోరం వెళ్లే బయటివాళ్లు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. మన ఏజెన్సీకి ఆ నిబంధన లేదు, బస్సెక్కి నేరుగా వెళ్లొచ్చు. రోడ్డు దిగాకే జాగ్రత్త అవసరం. ఏటూరునాగారం అభయారణ్యంలో రహదారి విడిచి లోపలికి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉండాలి. చేనైనా, పెరడైనా అది ఎవరిదో వాళ్లను అడిగాకే కాలు పెట్టండి. బెదిరించడానికో, అవమానించడానికో చొరబడినా, పొమ్మన్నా పోకుండా అదే ఉద్దేశంతో నిలబడినా భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

సందేహం: ఏటూరునాగారం దగ్గర ఒక కోయ రైతు రెండెకరాలు కౌలుకిస్తానంటున్నాడు. మేం గిరిజనులం కాదు. స్టాంపు పేపరు మీద రాసుకుంటే చాలా?
- మరో పాఠకుడు, పాలకుర్తి

సమాధానం: చాలదు. అందరూ 1/70 అని పిలిచే చట్టం, 1959 భూ బదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుల చేతికి పోతే ఆ బదలాయింపు చెల్లదు. అమ్మకంతో పాటు కౌలు, తాకట్టు, దానం కూడా బదలాయింపే. ఆ రైతు ఇష్టపడి సంతకం పెట్టినా అంతే. కేసు నడిస్తే మిమ్మల్ని ఖాళీ చేయించి భూమి ఆయనకు అప్పగిస్తారు. ఆ ప్రాంతంలో ప్రభుత్వం సైతం ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు భూమి లీజుకివ్వకూడదని 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుల్లో చేలు పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ చట్టం రక్షణ. దయచేసి అడ్డదారి వెతకకండి.

సందేహం: మాది పాలకుర్తి మండలంలో లంబాడీ తండా. పక్క చేను ఆసామి ట్రాక్టరుతో మా గట్టు దున్నేసి అరెకరం కలుపుకున్నాడు. 1/70 మాకు పనికొస్తుందా?
- ఒక పాఠకురాలు

సమాధానం: రాదమ్మా, పాలకుర్తి షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. కానీ ఆసామి ఎస్సీ, ఎస్టీ కాకపోతే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీకుంది. ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించినా, దున్నినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. చాకలి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వచ్చినప్పుడు మీ పాలకుర్తిలోనే ఆంధ్ర మహాసభ సంఘం ఆమెకు అండగా నిలబడింది. మీరూ ఒంటరిగా పోకండి. గట్టు ఆనవాళ్లు ఫొటో తీయండి, పాస్‌బుక్ జిరాక్సు పెట్టి హద్దుల సర్వేకు దరఖాస్తు చేయండి, తండాలో ఇద్దరు సాక్షులతో స్టేషనుకు వెళ్లి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. ఆ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.