ఎండలో సైనికుడు – చల్లని కోటుకు పరీక్ష

బయట ఎంత ఎండ కాసినా మన శరీరం లోపల సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే ఉండాలి. 40 దాటితే వడదెబ్బ, ప్రాణానికే ముప్పు. రాజస్థాన్‌లోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. అలాంటి చోట బులెట్ ప్రూఫ్ జాకెట్ తొడుక్కుని, బరువు మోస్తూ నడిచే సైనికుడి సంగతేమిటి?

ముందు చిన్న లెక్క. బరువుతో చురుగ్గా నడిచే మనిషి ఒంట్లో గంటకు సుమారు 400 కిలో కెలోరీల వేడి పుడుతుంది. అది బయటికి పోకపోతే 70 కిలోల మనిషి తొమ్మిది, పది నిమిషాల్లోనే ఒక డిగ్రీ వేడెక్కుతాడు. దీనికి ప్రకృతి ఇచ్చిన ఉపాయం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కెలోరీలు పట్టుకుపోతుంది. పొలంలో మావాళ్ళు తడి తువ్వాలు తలకు చుట్టుకునేది ఈ సూత్రం మీదనే. కాని మందపాటి జాకెట్ కింద చెమట కారుతుందే గాని ఆరదు.

అందుకే చల్లని కోట్లు వచ్చాయి. సన్నని గొట్టాల్లో చల్లని నీరు తిరిగే కోటును 1960ల మొదట్లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమాన చోదకుల కోసం తయారుచేశారు. తర్వాత అపోలో వ్యోమగాములూ అలాంటిదే తొడుక్కున్నారు. ఐసు సంచులున్నవి మరో రకం. అయితే కిలో ఐసు కరగడానికి తీసుకునేది 80 కిలో కెలోరీలే. అంటే మన సైనికుడికి పన్నెండు నిమిషాల ఊరట! పైగా అతి చల్లదనానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, లోపలి వేడి బయటికి రాదు. అందుకని 28 డిగ్రీల దగ్గర కరిగే మైనం వంటి పదార్థాలు కూడా వాడుతున్నారు.

ఇక పరీక్ష. మొదట కరెంటుతో వేడెక్కే, చెమట పట్టే బొమ్మకు కోటు తొడుగుతారు. బొమ్మనూ గదినీ 35 డిగ్రీల దగ్గరే ఉంచుతారు. బొమ్మ చల్లబడకుండా నిలపడానికి ఎంత అదనపు కరెంటు కావాలో, కోటు అంత వేడి లాగిందన్నమాట.

తర్వాత మనుషుల వంతు. వేడి గదిలో ట్రెడ్‌మిల్ మీద అదే మనిషిని ఒకరోజు కోటుతోనూ, ఇంకోరోజు కోటు లేకుండానూ నడిపిస్తారు. గుండె వేగం, లోపలి ఉష్ణోగ్రత కొలుస్తారు. ముందూ వెనుకా తూకం వేసి ఎంత చెమట పోయిందో లెక్కిస్తారు. లోపలి ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు చేరగానే, అతను "బాగానే ఉన్నాను" అన్నా సరే, ఆపేస్తారు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. చర్మానికి చల్లగా తగిలితే మనసుకు హాయిగా ఉంటుంది. లోపల మాత్రం వేడి పెరుగుతూనే ఉండవచ్చు. ఆ హాయిని నమ్మి ఇంకో మైలు నడిచినవాడు కూలిపోవచ్చు. కోటు బరువు కూడా మోయాల్సిందే గనుక, అది లాగే వేడి దాన్ని మోయడంవల్ల పుట్టే వేడికంటే బాగా ఎక్కువుండాలి. చివరికి ఎడారిలో దుమ్ము, బ్యాటరీ, బోర్లా పడుకుని తుపాకి పేల్చడం – వీటన్నిటికీ అది తట్టుకోవాలి.

2015 వేసవిలో మన తెలుగు నేల మీద వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో కూలీలు ఎందరో! సైనికుడి కోసం నేర్చిన ఈ కొలతలు కూలివాడికీ అక్కరకు రావాలి. "ఇంకా పనిచేయగలను" అనే మాటను కాక, థర్మామీటరును నమ్మడమే ఆ పరీక్షలు నేర్పే మొదటి పాఠం.