ఏ కార్డును కొలిచారు?

బుచ్చయ్యపేటలో ఒక చెరకు తోట ఉందనుకోండి. బావి దగ్గర చిన్న మోటారొకటి, పెద్ద మోటారొకటి. రెండింటి నీరూ ఒకే గొట్టంలోంచి వస్తుంది. తొట్టి ఎంతసేపట్లో నిండిందో కొలిచారు. అది ఏ మోటారు సామర్థ్యం? ఏది తిరిగిందో తెలిస్తేగాని చెప్పలేరు!

కొన్ని లాప్‌టాప్‌లలోనూ ఇదే చిక్కు. తెరపై బొమ్మలు గీసే గ్రాఫిక్స్ విభాగాలు వాటిలో రెండుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి, తక్కువ విద్యుత్తుతో పనిచేస్తుంది. రెండోది విడిగా ఉండే శక్తిమంతమైన కార్డు. 2010లో ఎన్విడియా సంస్థ తెచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో, అవసరమైనప్పుడే పెద్ద కార్డు పనిలోకి దిగుతుంది. అది గీసిన బొమ్మ కూడా చిన్నదాని ద్వారానే తెరకు చేరుతుంది.

సెకనుకు ఎన్ని బొమ్మలు గీసిందన్నదే వేగానికి కొలత. 60 గీస్తే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు పట్టిందన్నమాట. తెర సెకనుకు 60 సార్లే మారుతూ, కార్డు దానికి లోబడి గీస్తుంటే, ఎంత గొప్ప కార్డైనా 60 దాటదు. అప్పుడు రెండూ సమానమే అనిపిస్తాయి. ఎక్కువ డబ్బు పోసి కొన్న కార్డు దండగనుకుంటాం! అందుకే పరీక్షకు ముందు వీసింక్ అనే ఆ కట్టుబాటును తొలగించాలి.

మీరూ చేసి చూడండి. ఛార్జర్ తగిలించే ఉంచండి. బ్యాటరీ మీద వేగం తగ్గవచ్చు. విండోస్ సెట్టింగులలో ఏ ప్రోగ్రాముకు ఏ కార్డో ఎంచుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో ఏది పనిచేస్తోందో చూసుకోండి. ఒకే పరీక్షను ఒక్కో కార్డుతో మూడేసిసార్లు జరిపి, అంకె పక్కన కార్డు పేరు రాయండి.

మూడోసారి అంకె తగ్గిందా? లాప్‌టాప్ వేడెక్కిందేమో చూడండి. వేడి మితిమీరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాసేపు చల్లారనిచ్చి మళ్లీ కొలవండి.