పర్ణశాలల పండుగ

చదువవలసిన భాగములు: లేవీయకాండము 23:33–43, ద్వితీయోపదేశకాండము 16:13–15, యోహాను 7వ అధ్యాయము.

లేవీయకాండము 23వ అధ్యాయమును ఏలూరులో మా బైబిలు తరగతియందు చదివిన దినమున, కొల్లేటి లంకనుండి వచ్చి ఇక్కడ కుమారునియొద్ద నుండు ఒక వృద్ధురాలు నవ్వి, “ఏడు రోజులేంటండీ అయ్యగారూ, మేం పుట్టి పెరిగిందంతా ఆ పండగలోనే గదండీ” అనెను. అందరును నవ్విరి. తాటాకు పాకలో నివసించుట ఆమెకు పండుగ కాదు, బ్రదుకు. అట్టి పాకను దేవుడు పండుగగా ఎవరికి నియమించెను? ఆ సంగతి విచారించుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ పండుగను హెబ్రీ భాషలో సుక్కోత్ అందురు. పాకలు అని అర్థము. యూదుల తిష్రి నెల 15వ దినమున, అనగా పున్నమినాడు, ఆరంభమై 7 దినములు జరుగును. 8వ దినమున పరిశుద్ధ సంఘముగా కూడుదురు. వారికి దినము సూర్యాస్తమయముతో మొదలగును గనుక 2025లో ఇది అక్టోబరు 6వ తేది సాయంకాలమున ఆరంభమయ్యెను. మన పంచాంగములో అది ఆశ్వయుజ పున్నమి.

దీని మూలము రెండు విధములుగా కనబడుచున్నది. నిర్గమకాండము 23:16లో ఇది సంవత్సరాంతమున పంట కూర్చుకొను పండుగ మాత్రమే. అక్కడ పాకల మాట లేదు. పాలస్తీనాలో ఆ వేళకు కళ్లము పని ముగిసి, ద్రాక్షలు త్రొక్కబడి, ఒలీవలు చేతికి వచ్చుచుండును. పంట కాయుటకు రైతులు తోటలలో పాకలు వేసికొనుచుండిరి (యెషయా 1:8 చూడుడి). పండుగ పాకకు ఇదే మూలమని కొందరు పండితుల అభిప్రాయము. తాడేపల్లిగూడెము ప్రాంతమున కళ్లములయొద్ద కాపలా పాకలు చూచినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. లేవీయకాండమైతే వేరొక కారణము చెప్పుచున్నది: ఐగుప్తునుండి రప్పించినప్పుడు దేవుడు తమ పితరులను పాకలలో నివసింపజేసెనని తరతరములవారు ఎరుగవలెను. అరణ్యములో వారు గుడారములలో నుండిరి గదా, పాకలెక్కడివని మనకు తోచును. యూదుల బోధకులకును ఈ సందేహము కలిగెను. ఒకరు అవి నిజమైన పాకలే అనిరి. మరియొకరు, కాదు, దేవుని మహిమ మేఘములే వారికి కప్పు అనిరి.

క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా అను యూదుల గ్రంథములో ఈ పాకను గూర్చి ఒక భాగమే కలదు. పాక చెట్టు క్రింద వేయరాదు. ఆకాశము క్రిందనే వేయవలెను. కప్పు నేలనుండి మొలిచి కోయబడిన దానితోనే వేయవలెను. లోపల ఎండకంటె నీడ ఎక్కువగా నుండవలెను. పడుకొనుటకు అల్లిన చాప కప్పుగా పనికిరాదు. నీడకొరకు అల్లినదైతే పనికివచ్చును. మన కొల్లేటి తుంగ చాపలు ఈ పరీక్షలో నిలువవని ఆ తరగతిలో ఎవరో అనిరి! కప్పు సందులలోనుండి నక్షత్రములు కనబడుట మంచిదని తరువాతి బోధకులు చెప్పిరి. మన లంకలలో తాటాకును జమ్మును దట్టముగా కప్పుట చుక్క కారకుండుటకే. వీరి పాక కారవలసినదే. వాన వచ్చి గిన్నెలోని కూర చెడునంతగా కురిసినయెడల లోపలికి పోవచ్చును. అట్టి వానను మిష్నా దీవెనగా ఎంచలేదు. పాత్ర నింపి యిచ్చిన దాసుని ముఖముమీద యజమానుడు దానిని క్రుమ్మరించినట్లని చెప్పెను.

మొదటి దినమున చేతపట్టుకొనవలసిన వాటిని మన తెలుగు బైబిలు దబ్బపండ్లు, ఈతమట్టలు, గొంజి, నిరవంజి కొమ్మలు అని తర్జుమా చేసినది. గోదావరి జిల్లాలవారు పెరటిలోను గట్లమీదను ఎరిగిన దబ్బ, ఈత అనుమాటలు పెట్టుట మాకు ఇష్టముగానే యున్నది. యూదులు నేటికిని దబ్బజాతి పండును, ఖర్జూరపు లేత మట్టను, మరి రెండు జాతుల కొమ్మలను పట్టుకొని ప్రార్థింతురు.

దేవాలయమున్న దినములలో యాజకుడు సిలోయము కోనేటినుండి బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి బలిపీఠమునొద్ద పోయుచుండెను. యూదయలో వర్షకాలమునకు అదే ముంగిలి గదా! రాత్రులు స్త్రీల ఆవరణములో ఎత్తైన దీపస్తంభములు వెలిగించుచుండిరి. యాజకుల పాతబడిన వస్త్రములే వాటికి వత్తులు. యోహాను 7వ అధ్యాయములో ప్రభువు ఈ పండుగ మహాదినమున నిలిచి దప్పిగొనినవారిని తనయొద్దకు పిలిచినది ఆ నీళ్ల ఆచారమెరిగిన జనసమూహమునే. క్రీ.శ. 70లో దేవాలయము నాశనమైన పిమ్మట ఆ నీళ్లును దీపములును పోయెను, పాక మాత్రము నిలిచెను.

మన తెలుగువారిలోను యూదుల పండుగలు ఆచరించువారు కలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెములో కొన్ని కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొనుచు 1991లో సమాజమందిరము ఏర్పరచుకొనిరి. వారిలో అనేకులు మునుపు మనవలె క్రైస్తవ సంఘములలో నున్నవారే.

ఇక ఆ వృద్ధురాలి మాట. చెర తరువాత యెరూషలేమువారు ఈ పండుగ ఆచరించినప్పుడు తమ యిండ్ల మిద్దెలమీదను ముంగిళ్లలోను పాకలు కట్టిరని నెహెమ్యా 8:16 చెప్పుచున్నది. అనగా ఆజ్ఞ చేరినది మిద్దె గలవానికి. పంట ఇంటికి చేరి, కొట్టు నిండి, గోడలు గట్టివని ధైర్యము పుట్టు వారమందే వాడు ఆకుల క్రిందికి పోవలెను. స్త్రీలకును రోగులకును పాకలో నివసింపవలెనను విధి లేదని మిష్నా. ద్వితీయోపదేశకాండము మాత్రము దాసుని, దాసిని, లేవీయుని, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని పేరుపేరున చెప్పి, వారు పండుగలో సంతోషింపవలెననెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి లంకల దారులు మునిగిన సంగతి మనమెరుగుదుము. అట్టి లంకలలో పుట్టిన విధవరాలికి దేవుడు మరియొక పాక విధింపలేదు. పాక కట్టుకొన్నవాని పండుగ భోజనములో ఆమెకు పాలు ఏర్పరచెను.

మరుసటి ఆదివారము ఈ మాట ఆమెతో చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, “మరి ఆయన పాకలో ఉన్న ఆ ఏడు రోజులూ మిద్దె ఎవరికిస్తాడండీ?” అని అడిగెను. తరగతిలో ఎవరును జవాబు చెప్పలేదు.

వచ్చు సంచికలో పూరీము పండుగ. ఎస్తేరు గ్రంథమును ముందుగా చదివి యుంచవలెను.